మత్తు మందులు: ఊళ్లో మాటలు, ఒంట్లో నిజాలు

ధర్మవరం జంక్షన్‌లో రాత్రి రైలెక్కి హిందూపురం మీదుగా బెంగళూరు వెళ్లేవాళ్లు ఈ మాట వినే ఉంటారు: "మొహం ముందు జేబురుమాలు ఊపితే చాలు, స్పృహ తప్పిపోతాది." అలా జరగదు. క్లోరోఫాం అయినా ముక్కుకు అదిమిపెట్టి కొన్ని నిమిషాలు పీల్పించాల్సిందే. దోచుకునేవాళ్లకు తేలికైన దారి తిండి. టీలోనో బిస్కెట్‌లోనో లోరాజెపామ్ లాంటి మాత్ర పొడి కలుపుతారు. అది నిద్ర పుచ్చడంతో ఆగదు. దాని ప్రభావం ఉన్నంతసేపు జరిగింది జ్ఞాపకంలో నిలవదు. బాధితులు "ఏం జరిగిందో గుర్తులేదు" అంటే దయచేసి అనుమానించకండి.

అల్ప్రాజోలం, డయాజెపామ్ కూడా ఆ కోవలోవే. ఇలాంటివి కల్లులోనూ కలుపుతారు. కానీ కల్లు గురించి మాట వస్తే "చెట్టు నుంచి దిగిందే కదప్పా, ఏమైతాది?" అంటారు. తాటికల్లయినా ఈతకల్లయినా పులిస్తే అందులో ఉండే ఆల్కహాల్ సుమారు 4 నుంచి 6 శాతం. ఒకటి రెండు సీసాలకే మాట ముద్దగా మారి, కూర్చున్నచోటే ఒరిగిపోయారంటే చెట్టును కాదు, కలిపిన మందును అనుమానించాలి. అది క్లోరల్ హైడ్రేట్ కావచ్చు, అల్ప్రాజోలం కావచ్చు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

ఇంతకన్నా నన్ను భయపెట్టే నమ్మకం ఒకటుంది: "గట్టిగా అనుకుంటే ఒక్క రోజులో మానెయ్యొచ్చు." 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగిపోగానే, మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఎందరినో ఆసుపత్రులకు మోసుకొచ్చారు. ఫిట్స్, వణుకు, లేనివి కనబడటం, పిచ్చిచూపులు. ఇదంతా తాగినందుకు కాదు, తాగడం ఉన్నట్టుండి ఆగినందుకు. కల్లులో కలిపే ఈ మందులు మెదడు ఉద్రేకాన్ని అణచిపెడతాయి. రోజూ పడుతుంటే మెదడు దానికి సర్దుకుంటుంది. ఆ అదుపు ఒక్కసారిగా పోతే అణిగి ఉన్నదంతా పైకి ఎగదన్నుతుంది. ఫిట్స్‌తో ప్రాణమూ పోవచ్చు. గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలని చూసే ఇంటివాళ్లు ప్రేమతోనే చేస్తారు. కానీ అది ప్రాణాంతకం. వైద్యుడి పర్యవేక్షణలో వారాలపాటు, ఒక్కోసారి నెలలపాటు మోతాదు తగ్గిస్తూ రావాలి. సలహాకు 14446, మానసిక సాయానికి 14416 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

"పక్కింటి అక్కకు డాక్టరు రాసిందే కదా" అని నిద్రమాత్ర పంచుకోవడమూ మామూలైపోయింది. అల్ప్రాజోలం స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి: ఎర్ర గడిలో హెచ్చరిక ఉంటుంది. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు విడిగా రిజిస్టర్‌లో రాసి, దాన్ని దుకాణంవాళ్లు 3 ఏళ్లు దాచాలి. మద్యంతో కలిస్తే ఇలాంటి మాత్ర ఊపిరినే మందగింపజేస్తుంది.

ఇక జలుబు, దురద మాత్రలు. పెనుకొండ దగ్గర 44వ జాతీయ రహదారి మీద రాత్రంతా బండి నడిపేవాళ్లు వీటిని లెక్కలోకి తీసుకోరు. అవిల్, క్లోర్‌ఫెనిరమిన్ వేసుకుంటే ఆవులింత రాకపోయినా బ్రేకు మీదికి కాలు వెళ్లడం ఆలస్యమవుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ తాగి నడిపేవాళ్లకే కాదు, మందుల మత్తులో అదుపు తప్పేలా నడిపేవాళ్లకూ వర్తిస్తుంది. డ్రైవింగ్ ఉందని డాక్టరుకు ముందే చెబితే, ఫెక్సోఫెనడిన్ లాగా మగత చాలా తక్కువగా ఉండే మందు రాస్తారు.