పొగ చెప్పెడి మాట – పాత వ్యాను ఇంజిను పరీక్ష

మన చిత్తూరు సీమ రైతునకు సరకు పండించుట యొక యెత్తు, అది చెడకముందే మండీకి చేర్చుట మఱియొక యెత్తు. టమాటా మదనపల్లెకును, తోతాపురి మామిడి చిత్తూరు చుట్టుపట్ల నున్న గుజ్జు కర్మాగారములకును వేళకు చేరవలెను. అందుచే పలు గ్రామములలో నలుగురైదుగురు రైతులు కూడి పాత డీజిల్ వ్యానును కొని, తమ సరకును తామే తోలుకొనుచున్నారు. ఇది మంచి పద్ధతియే, బాడుగ మిగులును. కాని ఆ బండి పొగ గ్రక్కుచు మొగిలి కనుమలోనో, భాకరాపేట కనుమలోనో నిలిచిపోయినచో, చెడిన సరకు నష్టమును మరమ్మతు ఖర్చును రెండును రైతు నెత్తిననే పడును.

పొగ కనబడగానే “ఇంజిను పోయినది, బోరు చేయింపవలెను” అను మాట తఱచుగా వినబడును. అది పెద్ద ఖర్చుతో కూడిన పని. ఎయిర్ ఫిల్టరు మార్చినంత మాత్రమున తీరెడి జబ్బునకు ఇంజినంతయు విప్పించి అప్పులపాలైన వారిని మేమెఱుగుదుము. ఎద్దు నెమరు వేయకున్నను, పేడ రంగు మాఱినను రైతు తానే కారణము వెదకును గదా! ఇంజిను విషయమున పొగయు అట్టి గుర్తే. దానిని చదువ నేర్చినవాడు మోసపోడు.

డీజిల్ ఇంజిను పనిచేయు తీరు ముందు తెలియవలెను. జర్మనీ దేశీయుడగు రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన యీ యంత్రములో నిప్పురవ్వతో పనిలేదు. పిస్టను గాలిని గట్టిగా అదుమగా ఆ గాలి మిక్కిలి వేడెక్కును. అందు నాజిలు సన్నని తుంపరగా చిమ్మిన డీజిలు తానే అంటుకొనును. కావున గాలి, ఒత్తిడి, తుంపర యను మూడును సరిగా నుండవలెను. వీనిలో నొకటి లోపించినను, నూనెగాని నీరుగాని లోనికి జొచ్చినను పొగ పుట్టును.

నల్లపొగ: డీజిలు హెచ్చై గాలి తక్కువైనదని దీని యర్థము. మన మట్టిబాటల దుమ్ముచే ఎయిర్ ఫిల్టరు మూసికొనుట దీనికి ముఖ్య కారణము. నాజిలు తుంపర చిమ్మక బొట్లుగా కార్చుట, పంపు డీజిలును హెచ్చుగా నిచ్చుట, టర్బో గొట్టము పగులుట తక్కిన కారణములు. మితిమీఱిన బరువుతో కనుమ నెక్కునపుడు పెద్ద గేరులోనే నడిపినను నల్లపొగ వచ్చును. ఇది బండి తప్పు కాదు, నడుపువాని తప్పు.

నీలిపొగ: ఇంజిను నూనె కాలుచున్నదని యర్థము. నూనెను గుర్తునకు మించి పోసినను ఇట్లగును. కనుక ముందుగా డిప్ స్టిక్కు చూడుడు. మట్టము సరిగానున్నను పొగ మానక, మాటిమాటికి నూనె పోయవలసి వచ్చుచుండినచో పిస్టను రింగులో, వాల్వు సీళ్లో, టర్బో సీలో అరిగినవని తలపవలెను.

తెల్లపొగ: ఇది రెండు విధములు. కంటిని మండించుచు పచ్చి డీజిలు వాసన కొట్టునది కాలని డీజిలు. చలి వేకువను కొద్దిసేపు వచ్చి పోయినచో చింత లేదు. ఇంజిను వేడెక్కిన పిదపను నిలిచినచో నాజిలును, పంపు టైమింగును, ఒత్తిడిని పరీక్షింపవలెను. డీజిలు వాసన లేక ఆవిరివలె దట్టముగా వచ్చుచు, రేడియేటరు నీరు దినదినము తగ్గుచుండినచో హెడ్ గ్యాస్కెట్టు పోయినదనియో, హెడ్డు పగిలినదనియో అనుమానింపవలెను. అట్టి బండిని ఇంకొక మైలైనను నడుపరాదు.

ఇక పరీక్షా క్రమము. ఉదయమున, ఇంజిను చల్లగా నున్నపుడు, బండిని సమతలమున నిలుపుడు. మొదట నూనె మట్టమును రంగును చూడుడు. నూనె మజ్జిగవలె తెల్లబడినచో అందు నీరు కలిసినది. రెండవది, రేడియేటరు మూత తీసి నీటిని చూడుడు. వేడి బండి మూత నెన్నడును తీయరాదు. మూడవది, ఎయిర్ ఫిల్టరును దులిపి చూచి, అవసరమైన మార్పుడు. నాలుగవది, డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలుడు. పిమ్మట ఇంజిను నడిపి, వేడెక్కిన తరువాత నూనె పోయు మూతను వదులు చేయుడు. అక్కడనుండి పొగ బుసబుస ఎగదన్నినచో రింగుల అరుగుదలకు గుర్తు. బోరు మాట అప్పుడు గాని ఎత్తదగదు. అప్పుడును మెకానిక్కుచే ప్రతి సిలిండరు ఒత్తిడిని మీటరుతో కొలిపించి, ఆ యంకెలను కన్నులార చూచిన పిదపనే యొప్పుకొనవలెను.

ఒక హెచ్చరిక. పాతరకపు పంపు గల ఇంజినులలో నాజిలు గొట్టపు నట్టును ఒక్కొక్కటిగా వదులు చేసి, చెడిన సిలిండరును కనిపెట్టుట మెకానిక్కుల వాడుక. కామన్ రెయిలు ఇంజినులలో ఇట్లు చేయరాదు. వానిలో డీజిలు ఒత్తిడి గాలి ఒత్తిడికి వేయిరెట్లను మించును. ఆ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము చిన్నదిగా కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. మూసిన కొట్టములో ఇంజిను నడుపుట ప్రాణాపాయము. డీజిల్ పొగ కాన్సరునకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 2012లో నిర్ణయించినది. కావున పిల్లలను ఆ పొగకు దూరముగా నుంచుడు.

కడపట నొక మనవి. ఉమ్మడి వ్యాను గల ప్రతి కూటమియు ఒక చిన్న పుస్తకము నుంచి, నడిచిన కిలోమీటర్లు, పోసిన డీజిలు, కలిపిన నూనె, ఫిల్టరు మార్చిన తేదీ వ్రాయవలెను. నూనె ఖర్చు నెలనెలకు పెరుగుచున్నదో లేదో ఆ లెక్కయే చెప్పును. మామిడి కోతకు నెలదినములు ముందే ఈ పరీక్ష ముగించుడు. సరకెత్తిన బండి కనుమలో నిలిచినపుడు బేరమాడు బలము రైతునకు ఉండదు. ఇంటిముందు నిలిచియున్న ఖాళీ బండి కడ ఆ బలము పూర్తిగా ఉండును.