పేజీ పైన పేరు తనంతట తానే మారాలంటే

2024 మార్చిలో తెలంగాణ కొత్త వాహనాల నంబరు ప్లేట్ల మీద టీఎస్ పోయి టీజీ వచ్చింది. మే నెలలో ప్రభుత్వం లెటర్‌హెడ్లు, నివేదికలు, సర్క్యులర్లు అన్నిటిలోనూ అదే మార్పు చేయమని ఉత్తర్వు ఇచ్చింది. నిజామాబాద్ వాళ్లకు ఇలాంటిది కొత్త కాదు. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది, 2016 అక్టోబర్ 11న కామారెడ్డి వేరే జిల్లా అయింది. పేరు మారినప్పుడల్లా పాత ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి, హెడర్‌లో ఉన్నది చెరిపి, మళ్లీ టైపు చేయడమే మనకు అలవాటు. ఒక ఫైల్లో పైన కొత్త పేరు, లోపల పాత పేరు మిగిలిపోవడానికి ఈ అలవాటే కారణం. హెడర్‌లోకి మాటలు ఫైలు నుంచే వచ్చేలా చేయవచ్చన్న సంగతి ఇంకా చాలామంది దాకా చేరలేదు.

2007 నుంచి వర్డ్ దాచే డాక్ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. విప్పి చూస్తే అసలు వ్యాసం ఒక ఫైల్లో, హెడర్ ఇంకో ఫైల్లో వేరువేరుగా కనిపిస్తాయి. మూడు వందల పేజీల పుస్తకమైనా, ఒక సెక్షన్‌కు మామూలుగా ఒకే హెడర్ ఉంటుంది. దాన్నే ప్రతి పేజీ మీదా మళ్లీ మళ్లీ చూపిస్తుంది వర్డ్. నలభయ్యో పేజీలో హెడర్ దిద్దితే మొదటి పేజీలోనూ మారిపోయేది ఇందుకే. ఇక పేజీలంటారా, అవి ఆ మూటలో ఎక్కడా ఉండవు. ఫాంటు, కాగితం కొలత, మార్జిన్లు లెక్కవేసుకుని, ఫైలు తెరిచినప్పుడు వర్డ్ అప్పటికప్పుడు పేజీలు కడుతుంది. ఏ పేజీలో ఏ అధ్యాయం పడుతుందో అంతకుముందు దానికీ తెలియదు.

కాబట్టి పేజీకో రకంగా మారే హెడర్ కావాలంటే అందులో మాటలు కాదు, ఒక ఆదేశం పెట్టాలి. వర్డ్‌లో దాన్ని ఫీల్డ్ అంటారు. పేజీ నంబరు కూడా అలాంటి ఫీల్డే. మనకు కావలసిన దాని పేరు స్టైల్‌రెఫ్. హెడర్ తెరిచి, ఇన్సర్ట్‌లో క్విక్ పార్ట్స్, అందులో ఫీల్డ్, అందులో స్టైల్‌రెఫ్ ఎంచుకుని ‘హెడింగ్ 1’ చూపిస్తే చాలు. అధ్యాయాల పేర్లకు ఆ స్టైల్ పెట్టి ఉంటే, ఏ పేజీలో ఏ అధ్యాయం నడుస్తుంటే దాని పేరు పైకి వస్తుంది. సెక్షన్లు విడగొట్టి, ‘లింక్ టు ప్రీవియస్’ తీసేసి, అధ్యాయానికో హెడర్ టైపు చేసే పని తప్పుతుంది.

ఇది వెతికే తీరు తెలుసుకుంటేనే దీనితో సరిగ్గా పని చేయించుకోగలం. ముందు ఆ పేజీలోనే పై నుంచి కిందికి ఆ స్టైల్ కోసం చూస్తుంది. దొరకకపోతే పేజీ మొదలు నుంచి వెనక్కి నడుస్తుంది. అక్కడా లేకపోతే పేజీ చివరి నుంచి ముందుకు వెళ్తుంది. ‘సెర్చ్ ఫ్రమ్ బాటమ్ ఆఫ్ పేజ్ టు టాప్’ అన్న గడిలో టిక్కు పెడితే పేజీలో చివర ఉన్నదాన్ని పట్టుకుంటుంది.

బోధన్ చుట్టుపక్కల చెరకు రైతుల జాబితా తయారుచేస్తున్నామనుకుందాం. ఊరి పేరు శీర్షికగా, దాని కింద రైతుల పేర్లు. ఒక పేజీలో పై సగం ఎడపల్లి రైతులు, కింది సగం రెంజల్ వాళ్లు. ఎడపల్లి శీర్షిక ముందు పేజీలోనే అయిపోయింది గనక ఈ పేజీలో దొరికే మొదటి శీర్షిక రెంజల్. హెడర్ అదే చూపిస్తుంది, ఎడపల్లి రైతు తన పేరు వెతుక్కుంటూ పేజీ తిప్పేస్తాడు. దీనికి మందు ఉంది. ప్రతి వరుసలోనూ ఊరి పేరు రాసి, ఆ మాటకు ఒక క్యారెక్టర్ స్టైల్ (పేరా మొత్తానికి కాక, ఎంచుకున్న మాటలకే పెట్టేది) తగిలించండి. హెడర్‌లో రెండు స్టైల్‌రెఫ్‌లు పెట్టండి: ఒకటి మామూలుగా, రెండోది కింది నుంచి వెతికేలా. అప్పుడు పేజీ పైన ‘ఎడపల్లి – రెంజల్’ అని పడుతుంది. నిఘంటువుల్లో పేజీ నెత్తిన మొదటి మాట, చివరి మాట అచ్చువేసే పద్ధతి ఇదే. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటర్ ప్రతి పేజీకీ దాన్ని చేత్తో కూర్చేవాడు. డోనాల్డ్ క్నూత్ 1978లో తెచ్చిన టెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రాం ఈ చిక్కును ముందే ఊహించింది. ముందు పేజీ నుంచి కొనసాగుతున్నది, ఈ పేజీలో మొదటిది, చివరిది అని మూడు గుర్తులను అది విడిగా దాస్తుంది. ఈ విషయంలో వర్డ్ కంటే అదే మెరుగని నా అభిప్రాయం.

క్యారెక్టర్ స్టైల్ తెలుగుకు ఇంకో మేలు చేస్తుంది. మన శీర్షికలు పొడుగు. ‘నిజాం చక్కెర కర్మాగారం: 1937 స్థాపన నుంచి 2002 ప్రైవేటీకరణ, 2015 మూసివేత దాకా’ అన్నది హెడర్‌లో రెండు వరుసలు మింగేస్తుంది. ‘నిజాం చక్కెర కర్మాగారం’ అన్నంత మేరకే స్టైల్ పెట్టి దాన్నే పిలిస్తే, పైకి అంతే వస్తుంది.

తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు కూడా ఒకటుంది. డీటీపీ సెంటర్లలో ఇంకా వాడే పాత ఫాంట్లలో తెలుగు అక్షరం ఫైల్లో ఇంగ్లీషు గుర్తుగానే ఉంటుంది, ఫాంటు దానికి తెలుగు రూపం ఇస్తుంది. ఫీల్డ్ ఆ గుర్తులను తెచ్చినా, హెడర్‌కు వేరే ఫాంటు ఉంటే అర్థంలేని ఇంగ్లీషు కనిపిస్తుంది. హెడర్ స్టైల్‌కూ అదే ఫాంటు పెట్టడం తాత్కాలిక ఉపాయం. యూనికోడ్‌లో టైపు చేస్తే అసలు సమస్యే రాదు, ఎందుకంటే అక్కడ ‘క’ ఏ ఫాంటులోనైనా ‘క’నే.

డబ్బు పెట్టి వర్డ్ కొనలేని వాళ్లకు లిబ్రేఆఫీస్ ఉంది. అందులో అధ్యాయం పేరు హెడర్‌లోకి తెచ్చే ఫీల్డ్ ఎప్పటినుంచో ఉంది. ఏ స్టైల్‌నైనా పిలిచే సౌకర్యం 2023 ఆగస్టులో వచ్చిన 7.6తో చేరింది, క్రాస్ రిఫరెన్స్ కింద వెతకండి.

జిల్లా పేరు, సంస్థ పేరు లాంటి, పేజీ పేజీకీ మారని మాటలకు స్టైల్‌రెఫ్ అక్కర్లేదు. క్విక్ పార్ట్స్‌లోనే ఉన్న డాక్యుమెంట్ ప్రాపర్టీలో ఒక్కసారి రాసి, ఆ ఫైల్లో కావలసిన ప్రతిచోటా అదే పెట్టుకోవాలి. రేపు పేరు మారితే ఫైలుకు ఒక్కచోట దిద్దితే సరిపోతుంది.

డిచ్‌పల్లి తెలంగాణ విశ్వవిద్యాలయంలో థీసిస్ రాస్తున్న విద్యార్థులకూ, వాళ్లకు టైపు చేసిపెట్టే డీటీపీ మిత్రులకూ ఒక మనవి. మొదటి అధ్యాయం మొదలుపెట్టే రోజే శీర్షికలకు స్టైల్స్ పెట్టండి. బోల్డ్ చేసి, సైజు పెంచి శీర్షిక అనిపించకండి. స్టైల్ లేని శీర్షిక స్టైల్‌రెఫ్ కంటికి కనపడదు.