పుట్టిన యంత్రాన్నే వదులుకున్న లినక్స్

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన ఇంట్లోని కంప్యూటర్‌పై ఒక కెర్నెల్ రాశాడు. కెర్నెల్ అనగా యంత్రాన్నీ, ప్రోగ్రాములనూ అదుపులో ఉంచే మూలభాగం. అదే లినక్స్. ఆ కంప్యూటర్‌లో ఉన్నది ఇంటెల్ సంస్థ 1985లో ప్రవేశపెట్టిన 386 ప్రాసెసర్. 2012 డిసెంబరులో లినక్స్ నుంచి ఆ 386 కోసం ఉంచిన ఏర్పాట్లనే తీసేశారు! పుట్టినింటికి తాళం వేసినట్లు లేదూ? ఎందుకో చూద్దాం.

కంప్యూటర్ మెమరీని పుటలుగా విభజిస్తారు. రెండు ప్రోగ్రాములకు ఒకే సమాచారం కావాలంటే, స్థలం ఆదా అయ్యేలా ఒకే పుటను రెండింటికీ చూపవచ్చు. ఒకే ప్రశ్నపత్రాన్ని ఇద్దరు విద్యార్థులు చూస్తున్నారనుకోండి. చదివినంతసేపూ పేచీ లేదు. ఒకడు దానిమీద చిత్తులెక్క వేయబోతే మాత్రం వాడికి వేరే ప్రతి ఇవ్వాలి. అందుకే అలాంటి పుటకు 'రాయరాదు' అని గుర్తు పెడతారు. ప్రోగ్రాం అందులో రాయబోతే ప్రాసెసర్ గంట కొడుతుంది. నిజం గంట కాదు సుమా, ఒక సంకేతం! వెంటనే కెర్నెల్ నకలు తీసి ఇస్తుంది.

386లో చిక్కేమిటంటే, కెర్నెలే స్వయంగా రాస్తే గంట మోగేది కాదు. హెడ్మాస్టరుగారిని ఆపేదెవరు? కాని డిస్కు నుంచి ఫైలు తెచ్చి ప్రోగ్రాం పుటలో నింపేది కెర్నెలే కదా. గంట మోగకపోతే పక్క ప్రోగ్రాం చూస్తున్న పుట కూడా తెలియకుండా మారిపోతుంది. కాబట్టి, రాసేముందు కెర్నెలే ఒక్కొక్క పుటనూ పరిశీలించుకునేలా సర్దుబాటు చేశారు. 1989లో వచ్చిన 486లో ఇంటెల్ ఒక బిట్ చేర్చింది. దాన్ని 1 చేస్తే కెర్నెల్ రాసినా గంట మోగుతుంది.

పాత సర్దుబాటు ఉంటే నష్టమేమిటని మీరడగవచ్చు. కొత్త యంత్రాల వేగానికి పెద్ద నష్టం లేదు. అవస్థంతా మనుషులది. మెమరీ భాగంలో ఎవరు ఏది మార్చినా 386 సంగతి కూడా ఆలోచించాలి. సరిచూద్దామంటే ఆ యంత్రం చేతిలో ఉండదు. దాని తయారీని ఇంటెల్ 2007లోనే ఆపేసింది. పరీక్షించి చూడని సర్దుబాటును నమ్ముకోవడం, నన్నడిగితే, అది లేకపోవడం కన్నా ప్రమాదమే.

మార్పు 2013 ఫిబ్రవరిలో, 3.8 వెర్షన్‌లో వెలువడింది. 386 ఉన్నవారికి పాత కెర్నెళ్లే గతి. కొత్తదానిలో ఒక చిన్న పరీక్ష మాత్రం మిగిల్చారు. యంత్రం మొదలయ్యేటప్పుడు కెర్నెల్ కావాలనే 'రాయరాదు' పుటలో రాసి చూస్తుంది. గంట మోగితే ముందుకు సాగుతుంది. మోగకపోతే అక్కడే ఆగిపోతుంది.