క్షయరోగులకు పరిచర్య

మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1912లో క్షయవైద్యశాల స్థాపింపబడిననాటికి ఆ రోగమునకు మందు లేదు. గాలి, వెలుతురు, పుష్టికరాహారము, విశ్రాంతి, ఇవియే చికిత్స. కావున పరిచారికయే రోగికి దిక్కు. జ్వరము చూచి వ్రాయుట, కఫమును మూతగల పాత్రలో పట్టి నాశనము చేయుట, నెలలతరబడి మంచము పట్టినవానికి ధైర్యము చెప్పుట ఆమె పనులు.

1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. రోగి యింటనే యుండి మందు తినవచ్చునని 1956లో మదరాసున ఆరంభమైన పరిశోధన తేల్చెను. నేడు సాధారణమైన క్షయకు ఆరుమాసముల మందు చాలును. ఇందుచే పరిచారిక పని తగ్గలేదు, కష్టతరమైనది. దగ్గు తగ్గి దేహము తేరగానే రోగి మందు మానును. మిగిలిన క్రిములు మందునకు లొంగనివై మరల లేచును. ఆమె యిల్లు వెదకికొని వచ్చి, గద్దింపక, ఏల మానెనో కనుగొనవలెను: వాంతియా, కూడు చాలకయా, సిగ్గా? రోగి పేరు వీధిలో పొక్కనీయరాదు. ఈ గోప్యతయే ఆ వృత్తికి ప్రాణమని నా తలంపు. కోడలికి క్షయయని పుట్టింటికి పంపివేయు వాడుక యింకను పూర్తిగా పోలేదు గదా! తగిన మందు కొన్ని వారములు పడిన పిమ్మట అంటు సాధారణముగా తగ్గిపోవును.

పెద్దలారా, ఆమె మీ యూరికి వచ్చినపుడు ఎవరికొరకని యడుగకుడు. రెండు వారములు దాటిన దగ్గున్నవారిని మాత్రము కఫపరీక్షకు పంపుడు.