వైన్ మరిగితే ఆల్కహాల్ పోతుందా?

కొల్లూరు, పటాన్‌చెరు వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన లేచిన అపార్ట్‌మెంట్లలో ఆదివారం వంటంటే ఇప్పుడు బిర్యానీ ఒక్కటే కాదు. పిల్లలు అడిగారని పాస్తా, వీడియో చూసి రిసోటో. ఆ వంటల్లో 'అర కప్పు డ్రై వైట్ వైన్' అని కనిపించగానే ఓ సందేహం. 'మరిగితే ఆల్కహాల్ ఎగిరిపోతుందిలే' అని సర్దిచెప్పుకుంటారు. పూర్తిగా పోదు.

ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కానీ నీటిలో కలిసి ఉన్నప్పుడు విడిగా ఎగిరిపోదు, ఆవిరితో పాటు మెల్లగా పోతుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం 15 నిమిషాలు ఉడికిస్తే 40 శాతం, గంట ఉడికిస్తే 25 శాతం మిగులుతుంది. రెండున్నర గంటలకూ 5 శాతం ఉంటుంది. మరుగుతున్న దాంట్లో పోసి వెంటనే దించేస్తే 85 శాతం అందులోనే! షెఫ్‌లు మంట లేపి చూపిస్తారే, అప్పుడూ 75 శాతం ఉంటుంది. ఆ మంట చూడ్డానికే.

లెక్క వేద్దాం. 12 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ 120 మిల్లీలీటర్లు పోసి పావుగంట ఉడికిస్తే మిగిలేది దాదాపు 6 మిల్లీలీటర్లు. నలుగురు తింటే తలా ఒకటిన్నర. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు, కాలేయ జబ్బున్నవారికి మాత్రం వద్దు. తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నవారికైతే ఆ కాస్త కూడా ప్రమాదమే. ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ రావచ్చు. ఆ సంగతి వాళ్లు నలుగురిలో చెప్పుకోరు. అందుకే వైన్ వేసి వండితే వడ్డించే ముందే అతిథులకు చెప్పాలి. వైన్‌లో నిల్వ కోసం కలిపే సల్ఫైట్లు కొందరు ఆస్తమా రోగులకు పడవు.

అసలు వైన్ అక్కడ చేసే పనేంటి? 'డ్రై' అంటే తీపి దాదాపు లేనిది. అది పులుపునిస్తుంది, గిన్నె అడుగున పట్టిన మసాలాను కరిగించి పైకి తెస్తుంది. రెండో పని కూరగాయలు ఉడికించిన నీళ్లో, చికెన్ సూపో అర కప్పు పోసినా అవుతుంది. పులుపుకి ఓ చెంచా నిమ్మరసం చాలు. పులిహోరకు దించాకే పిండుతాం కదా, ఇక్కడా అంతే. వైన్ సువాసన రాదు, ఒప్పుకోవాల్సిందే. డబ్బా ద్రాక్షరసం పోస్తే మాత్రం వంట తియ్యబడుతుంది, షుగర్ ఉన్నవాళ్లకు అదో తంటా. 'కుకింగ్ వైన్' సీసాల్లో ఉప్పు కలుపుతారు కాబట్టి బీపీ ఉన్న ఇంట్లో లేబుల్ చదివాకే కొనండి.