ఎక్స్‌రేలో ‘ఏం లేదు’ అన్నారు.. అయినా పిల్లాడు చెయ్యి కదపట్లేదా? తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలు ఇవే!

చెట్టెక్కి జారాడు. చెయ్యి వాచింది. ఆస్పత్రికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీశారు. ‘ఎముక విరగలేదు, బెణికిందంతే’ అని మాత్రలిచ్చి పంపేశారు. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. పది రోజులైంది. పిల్లాడు ఇంకా ఎడమ చేత్తోనే అన్నం తింటున్నాడు.

చాలా ఇళ్లలో పొరపాటు జరిగేది ఇక్కడే. ‘డాక్టరే ఏం లేదన్నారు కదా’ అని ఆగిపోతారు. కానీ పిల్లల ఎముకల విషయంలో మొదటి రోజు తీసిన ఎక్స్‌రేనే చివరి మాట కాదు. నొప్పి తగ్గకపోతే మళ్లీ చూపించాల్సిందే. అసలు విరిగిన ఎముక ఎక్స్‌రేలో ఎందుకు కనిపించదు? ఆలస్యమైతే ఏమవుతుంది? తప్పు జరిగిందని తేలితే ఏం చేయాలి? ఇప్పుడు చూద్దాం.

ఎక్స్‌రేకి ఎందుకు దొరకదు?

పిల్లల ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్ అనే మెత్తటి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది ఇక్కడి నుంచే. ఇది ఇంకా గట్టి ఎముకగా మారని భాగం కాబట్టి ఎక్స్‌రేలో ఖాళీగానే కనిపిస్తుంది. ఈ పొరకు తగిలే దెబ్బలను సాల్టర్, హారిస్ అనే డాక్టర్లు 1963లో ఐదు రకాలుగా విభజించారు. డాక్టర్లు ఇప్పటికీ ఆ పద్ధతినే వాడుతున్నారు. మొదటి రకంలో పొర దగ్గర ఎముక విడిపోయి మళ్లీ తన చోటికి వచ్చేస్తే ఎక్స్‌రే నార్మల్‌గానే ఉంటుంది. ఐదో రకంలో పొర నలిగిపోతుంది. ఇది మొదటి రోజు దొరకడం చాలా కష్టం. నెలల తర్వాత ఎముక పెరగడం ఆగినప్పుడో, వంకర తిరిగినప్పుడో బయటపడుతుంది.

మోచేయి ఇంకా చిక్కు. ఇక్కడ ఆరు ఎముక ముక్కలు ఒక్కోటి ఒక్కో వయసులో, దాదాపు ఏడాది నుంచి 11 ఏళ్ల మధ్య ఎక్స్‌రేలో కనిపించడం మొదలవుతాయి. దాంతో విరిగిన ముక్కను చూసి మామూలుగా ఉండాల్సిన ముక్కే అనుకునే ప్రమాదం ఉంది.

ఇక నడక నేర్చిన చిన్నపిల్లల్లో మోకాలి కింది ఎముకలో వెంట్రుక లాంటి పగులు వస్తుంది. కాలు మెలిక పడితే చాలు. మొదటి రోజు కనిపించకపోవచ్చు. పది, పదిహేను రోజులకు పగులు చుట్టూ కొత్త ఎముక పుడుతున్నప్పుడు ఎక్స్‌రేలో తేలుతుంది.

ఆలస్యమైతే ఏమవుతుంది?

పిల్లల ఎముకలు తొందరగా అతుక్కుంటాయి. అది మంచి విషయమే. కానీ సరైన చోట లేకపోయినా అంతే తొందరగా అతుక్కుంటాయి. మణికట్టు దగ్గర కొద్దిపాటి వంకరను ఎదిగే వయసు తనే సరిచేసుకుంటుంది. కీలు లోపలి పగుళ్లు, మెలి తిరిగిన ఎముకలు అలా సర్దుకోవు.

ఉదాహరణకు మాంటెజియా ఫ్రాక్చర్. ఇందులో ముంజేతిలో ఒక ఎముక విరుగుతుంది, రెండో ఎముక మోచేయి దగ్గర కీలు తప్పుతుంది. ముంజేతికి మాత్రమే ఎక్స్‌రే తీస్తే విరిగిన ఎముక దొరుకుతుంది, తప్పిన కీలు దొరకదు. మొదట్లోనే పట్టుకుంటే చాలామంది పిల్లల్లో ఎముకను సరిచేసి పిండికట్టు వేస్తే సరిపోతుంది. వారాలు గడిస్తే పెద్ద ఆపరేషన్ దాకా వెళ్తుంది. అలాగే మోచేయి బయటివైపు విరిగింది దొరక్కపోతే అతుక్కోకుండా ఉండిపోయి, చెయ్యి బయటికి వంగిపోవచ్చు. ఏళ్ల తర్వాత నరం లాగి వేళ్లు తిమ్మిరెక్కే అవకాశమూ ఉంది.

ఈ లక్షణాలుంటే మళ్లీ వెళ్లాల్సిందే

* నాలుగైదు రోజులైనా నొప్పి, వాపు తగ్గకపోవడం
* దెబ్బ తగిలిన చేతిని వాడకపోవడం, కాలు నేల మీద ఆనించకపోవడం
* ఎముక మీద ఒకే చోట నొక్కితే ఏడవడం
* మోచేయి పూర్తిగా చాపలేకపోవడం, అరచేయి తిప్పలేకపోవడం
* నిద్రలో నొప్పితో లేవడం

వీటికి వారం ఆగక్కర్లేదు. అనుమానం ఉంటే ముందే వెళ్లొచ్చు. ‘ఏం లేదు’ అన్నా సరే, నొప్పి ఉంటే 7 నుంచి 14 రోజుల మధ్య మరోసారి ఎక్స్‌రే అవసరమా అని అడగండి.

కట్టు కట్టాక నొప్పి ఎక్కువవుతోందా? వేళ్లు చల్లబడి, పాలిపోయాయా? వేళ్లు చాపితే కేకలు పెడుతున్నాడా? అయితే పొద్దున్నే వెళ్దాం అనుకోవద్దు. రాత్రయినా బయల్దేరాలి. రక్తం అందక కండ చచ్చిపోవడానికి గంటలు చాలు.

దొరవారిసత్రం లాంటి చోట్ల అసలు సమస్య ఇదే

నెల్లూరు జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిసిన దొరవారిసత్రం మండలం నేషనల్ హైవే పక్కనే ఉంది. అటు నాయుడుపేట, ఇటు సూళ్లూరుపేట. కానీ పిల్లల ఎముకలు బాగా తెలిసిన డాక్టర్ కావాలంటే నెల్లూరుకో, తిరుపతికో, చెన్నైకో వెళ్లాలి. ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అదనం. అందుకే రెండోసారి చూపించడం వాయిదా పడుతుంది. వాయిదా పడే ఆ రెండు వారాలే పిల్లాడి చేతికి కీలకం.

ఈ ప్రాంతంలో ఇంకో అలవాటు ఉంది. పుత్తూరు కట్టు. తరాలుగా జనం నమ్మకం. అయితే ఎవరు కట్టు కట్టినా ముందు ఎక్స్‌రే తీయించాలి. కీలు దగ్గర దెబ్బయితే ఎముకల డాక్టర్‌కే చూపించాలి. ఆముదం రాసి మర్దన చేయడం, చెయ్యి పట్టి లాగడం అస్సలు వద్దు. విరిగిన ముక్క ఇంకా జరుగుతుంది.

తిరుపతిలో ఎముకల వైద్యానికి టీటీడీ నడిపే బర్డ్ ఆస్పత్రి ఉంది. రుయా ప్రభుత్వ ఆస్పత్రీ ఉంది. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రే ఫిల్మ్, చీటీ రెండూ తీసుకెళ్లండి. ఫోన్‌లో తీసిన ఫొటో సరిపోదు. సన్నటి పగులు అందులో కనిపించకపోవచ్చు.

డాక్టర్‌ని ఏం అడగాలి?

* పైన, కింద ఉన్న కీళ్లు కూడా ఎక్స్‌రేలో పడ్డాయా?
* ముందు నుంచి, పక్క నుంచి రెండూ తీశారా?
* అనుమానం ఉంటే కట్టు వేసి మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?

ఇవి డాక్టర్‌ని తప్పు పట్టే ప్రశ్నలు కావు. అడిగితే మొహమాట పడాల్సిన పనీ లేదు.

తప్పు జరిగిందని తేలితే?

ముందు వైద్యం, తర్వాతే గొడవ. పిల్లాడికి సరైన చికిత్స మొదలయ్యాక పాత ఆస్పత్రి నుంచి రికార్డులు అడగండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి.

అయితే ఫ్రాక్చర్ దొరకని ప్రతిసారీ అది నిర్లక్ష్యం కాదు. డాక్టర్ అంచనా తప్పడం వేరు, చేయాల్సిన పరీక్ష చేయకపోవడం వేరు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు కూడా అంచనాలో పొరపాటు దానికదే నిర్లక్ష్యం కాదని చెప్పింది. నొప్పి ఉందని మళ్లీ వెళ్లినా చూడకుండా పంపేస్తే అప్పుడు ప్రశ్నించే హక్కు ఉంది.

డబ్బు కట్టి చూపించుకున్న ఆస్పత్రి అయితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. పేషెంట్ పిల్లాడైనా, తల్లిదండ్రులు కూడా వినియోగదారులే అని 1998లో సుప్రీంకోర్టు తేల్చింది. సలహా కోసం 1915కి కాల్ చేయొచ్చు. అందరికీ ఉచితంగా చూసే ప్రభుత్వ ఆస్పత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదు. అలాంటప్పుడు సూపరింటెండెంట్‌కు, జిల్లా వైద్యాధికారికి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు.

చివరగా ఒక్క మాట. నొప్పి ఎక్కడుందో చిన్నపిల్లలు సరిగ్గా చెప్పలేరు. కానీ ఆ చేతిని వాడకుండా చూపిస్తారు. ఎక్స్‌రే రిపోర్టు ఒకటి చెబుతూ, పిల్లాడి చెయ్యి ఇంకొకటి చెబుతుంటే పిల్లాడినే నమ్మండి. మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లండి.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహానే పాటించాలి.)