లాగినకొద్దీ బిగిసే మీట

పిల్లలూ! బడికి మధ్యాహ్న భోజనం పట్టుకుపోయే స్టీలు డబ్బాలు మీరు చూసే ఉంటారు. మూత లోపల ఒక రబ్బరు చుట్టు, డబ్బాకు రెండు పక్కలా రెండు క్లిప్పులు ఉంటాయి. క్లిప్పుకున్న తీగను మూత అంచుకు తగిలించి, చిన్న రేకు మీటను బొటనవేలితో కిందికి నొక్కితే టక్కుమని పడుతుంది. ఇక ఆ డబ్బా సంచిలో పక్కకు ఒరిగినా చారు కారదు. బస్సు ఎంత కుదిపినా క్లిప్పు ఊడదు. కాని భోజనం గంట కొట్టగానే ఆరేళ్ల పిల్ల అదే క్లిప్పును ఒక్క వేలితో తీసేస్తుంది.

ఇందులో ఒక వింత ఉన్నది, గమనించారా? ఆ క్లిప్పుకు తాళం లేదు, మర లేదు, ముడి లేదు. నలిగిన రబ్బరు చుట్టు మూతను పైకి నెడుతూనే ఉంటుంది. అంటే తీగను ఎల్లప్పుడూ లాగుతూనే ఉంటుంది. అంత లాగుతున్నా మీట లేచి రాదేం? అంత గట్టిగా పట్టుకున్నది చిన్నపిల్ల వేలికి ఎట్లా లొంగుతుంది?

ఈ క్లిప్పులో ఉన్న కిటుకే పట్టీలను బిగించే మీట బకిల్‌లోనూ ఉన్నది. అదేమిటో చూద్దాం.

కట్టడం వేరు, బిగించడం వేరు

ఎడ్లబండి మీద గడ్డి వేసి మోకుతో కట్టేటప్పుడు ఇద్దరు మనుషులు కాలు తన్నిపెట్టి లాగుతారు. అయినా ముడి వేసేలోగా మోకు కాస్త జారనే జారుతుంది. అందుకని మోకు సందున ఒక కర్ర దూర్చి మెలి తిప్పుతారు. నాలుగు మెలికలు పడేసరికి మోకు తీగలాగా బిగుసుకుంటుంది. కాని ఆ కర్రను మళ్లీ ఇంకొక తాడుతో కట్టివేయాలి. చేయి వదిలితే గిర్రున వెనక్కు తిరిగి కట్టినవాడి మోచేతినే కొడుతుంది.

నడుముకు పెట్టుకునే బెల్టు సంగతి చూడండి. మీ చేతి బలం ఎంతో అంతే బిగువు. పైగా ముల్లు చిల్లులో పడాలంటే బెల్టును కావలసిన దానికన్న కొంచెం ఎక్కువ లాగి, తర్వాత వదలాలి. ఆ వదలడంలో కొంత బిగువు పోతుంది.

కాబట్టి మంచి బకిల్ చేయవలసిన పనులు మూడు. చేతి బలాన్ని పెంచాలి. వచ్చిన బిగువును జారిపోనీయకుండా నిలపాలి. కావలసినప్పుడు సులువుగా విడవాలి. కర్రతో మెలి తిప్పడం మొదటి పనిని బాగా చేస్తుంది, రెండవది చేయలేదు. బెల్టు ముల్లు రెండవది చేస్తుంది, మొదటిది చేయలేదు. మీట బకిల్ మూడింటినీ చేస్తుంది.

అడకత్తెర చెప్పే పాఠం

చేత్తో ఎంత నొక్కినా వక్క పగలదు. అడకత్తెరలో పెడితే అవ్వ సైతం పటుక్కుమని కత్తిరిస్తుంది. అడకత్తెరకు ఒక కొసన శీల, శీలకు దగ్గరగా వక్క, దూరంగా చెయ్యి. శీలకు వక్క ఎంత దగ్గరగా, చెయ్యి ఎంత దూరంగా ఉంటే బలం అన్ని రెట్లు పెరుగుతుంది. ఈ సూత్రాన్ని క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో గ్రీకు పండితుడు ఆర్కిమెడిస్ లెక్క కట్టి నిరూపించాడు.

మన బకిల్ కూడా అడకత్తెర వంటిదే. దానిలో మూడు చోట్లు గుర్తుపెట్టుకోండి. మీట దేని చుట్టూ తిరుగుతుందో అది ఇరుసు. లాగే తీగ మీటకు ఎక్కడ తగిలి ఉందో అది కీలు. ఆ తీగ రెండవ కొస ఎక్కడ పట్టుకుంటుందో అది కొక్కెం.

ఇరుసుకూ కీలుకూ మధ్య దూరం 1 సెంటీమీటరు, ఇరుసు నుంచి మీ వేలు ఆనే చోటికి 10 సెంటీమీటర్లు అనుకుందాం. మీట పట్టీకి నిలువుగా, అంటే 90 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు, మీరు 1 కిలో బరువంత బలంతో నొక్కితే పట్టీ మీద 10 కిలోల బరువంత లాగుడు పడుతుంది. ఇంతవరకు అడకత్తెర లెక్కే.

కాని మీట పడుకుంటున్నకొద్దీ ఈ లెక్క మారిపోతుంది! మీటకూ పట్టీకీ మధ్య కోణం 30 డిగ్రీలకు దిగేసరికి, అదే 1 కిలో బలం 20 కిలోలవుతుంది. 6 డిగ్రీలకు వచ్చేసరికి ఇంచుమించు 95 కిలోలు! రాపిడి వల్ల పోయే భాగాన్ని ఇక్కడ వదిలిపెట్టాం. నిజంగా కొంత తగ్గుతుంది. అయినా ఎంత పెరుగుదలో చూడండి.

ఇంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? ఊరికే రాలేదు. మీట చివరికి వచ్చేటప్పుడు మీ వేలు చాలా దూరం కదిలినా, కీలు పట్టీని వెంట్రుకవాసి మాత్రమే లాగుతుంది. దూరంలో పోగొట్టుకున్నదే బలంలో వచ్చింది. మీట ఈ కొస నుంచి ఆ కొసకు పూర్తిగా తిరిగినా పట్టీ జరిగేది మొత్తం 2 సెంటీమీటర్లే. పట్టీ బిగిసేకొద్దీ ఎదురు తిరగడం ఎక్కువవుతుంది కదా? సరిగ్గా అప్పుడే మీట బలం కూడా ఎక్కువవుతుంది. ఈ బకిల్‌లో ఉన్న సొగసు అదే.

గట్టు దాటిన బండరాయి

బిగించడం అయింది. మరి నిలపడం ఎట్లా?

మీట తిరుగుతూ తిరుగుతూ ఒక చోటికి వచ్చేసరికి కొక్కెం, ఇరుసు, కీలు మూడూ ఒకే గీత మీదికి వస్తాయి. కీలు కొక్కేనికి అన్నిటికన్న దూరంగా ఉండేది అప్పుడే; పట్టీకి అన్నిటికన్న ఎక్కువ బిగువు అప్పుడే. ఆ క్షణాన పట్టీ లాగే బలం సూటిగా ఇరుసు గుండా పోతుంది. అందువల్ల అది మీటను ఇటూ తిప్పదు, అటూ తిప్పదు.

బకిల్ చేసేవాడు మీటను అక్కడ ఆపడు. ఇంకొంచెం, ఒక్క రవ్వ ముందుకు పోనిస్తాడు. కీలు ఆ గీతను దాటి ఆవలి పక్కకు వస్తుంది. ఇప్పుడు పట్టీ లాగినప్పుడల్లా ఆ లాగుడు మీటను లేపదు. అడుగుకేసి ఇంకా గట్టిగా అదుముతుంది. ఇంతవరకు మీటను తెరవాలని చూసిన బలమే, గీత దాటగానే దానికి కాపలా కాస్తుంది!

ఒక బండరాయిని చేనిగట్టు మీదికి దొర్లిస్తున్నాం అనుకోండి. గట్టు ఎక్కేదాకా అది మన మీదికే రావాలని చూస్తుంది. గట్టు దాటితే ఆవలి పల్లంలో పడి కూర్చుంటుంది. తనంతట తాను వెనక్కు రాలేదు. రావాలంటే మళ్లీ ఎవరో ఒకరు గట్టు ఎక్కించాలి. అన్నం డబ్బా క్లిప్పు బస్సు కుదుపులకు ఊడకపోవడానికి కారణం ఇదే. పిల్ల వేలు చేసే పని కూడా ఇంతే. ఆ రవ్వంత గట్టును దాటిస్తే చాలు, తక్కిన పని బిగువే చేసి పెడుతుంది.

మంచుకొండల మీద బూట్లు

ఈ కిటుకు మూతలకు చాలాకాలంగా తెలుసు. 1875లో చార్లెస్ డి క్విల్‌ఫెల్ట్ అనే ఆయన న్యూయార్కులో సీసా మూతకు తీగ మీట అమర్చి పేటెంటు పొందాడు. పింగాణీ మూతను వంకీ తీగతో నొక్కి బిగించే సీసాలు నేటికీ వస్తున్నాయి. అయితే కాలికి వేసుకునే పట్టీలకు ఈ మీట ఎంత అవసరమో మంచుకొండల మీద తెలిసింది.

మన కాశ్మీరులోని గుల్మార్గులోనూ, ఉత్తరాఖండులోని ఔలీలోనూ చలికాలంలో మనుషులు కాళ్లకు పొడుగాటి పలకలు బిగించుకుని మంచువాలు మీద జారుతారు. ఆ పలకల పేరు స్కీలు. పాదాన్ని తిప్పితే స్కీ తిరగాలి. బూటు వదులైతే పాదం లోపలే తిరుగుతుంది గాని స్కీ తిరగదు. వేగంగా జారే మనిషికి అది ప్రాణాపాయం.

పూర్వం ఈ బూట్లు తోలుతో చేసేవారు; లేసులతో బిగించేవారు. గడ్డకట్టే చలిలో చేతి తొడుగులు తీసి, కొయ్యబారిన వేళ్లతో లేసులు లాగాలి. కాసేపు జారేసరికి తోలు సాగి లేసు వదులవుతుంది. మళ్లీ మొదలు. స్విట్జర్లాండుకు చెందిన హాన్స్ మార్టిన్ లేసుల బదులు మీట బకిళ్లు పెట్టవచ్చునని ఆలోచించాడు. 1955లో ఆ దేశపు హెన్కే కంపెనీ అటువంటి బూట్లను అమ్మకానికి తెచ్చింది. చేతి తొడుగులు తీయకుండానే వాటిని బిగించవచ్చు. 1960లలో తోలుకు మారుగా గట్టి ప్లాస్టిక్ బూట్లు వచ్చేసరికి మీట బకిల్ లేనిదే జరగని స్థితి వచ్చింది.

బూటు మీద ఒక చిక్కు ఉన్నది. మీట లాగగలిగేది కొద్ది దూరమే కదా. అందరి కాళ్లూ ఒకే లావు ఉండవు. అందుకని కొక్కేనికి బదులు నిచ్చెన మెట్ల వంటి పళ్ల వరస పెట్టారు. తీగను తగిన మెట్టులో తగిలించి మీట వేయాలి. మెట్టుకూ మెట్టుకూ ఉన్న ఎడం మీట లాగే దూరం కన్న తక్కువ ఉండాలి. లేకుంటే ఒక మెట్టులో వదులు, తర్వాతి మెట్టులో అసలు పడదు. ఇంకా సన్నని సవరింపు కోసం తీగకే మర పెట్టారు. దాన్ని తిప్పితే తీగ పొడుగు కొద్దిగా పెరుగుతుంది, తగ్గుతుంది.

మరొక సంగతి. మీట గట్టు దాటాలంటే ఎక్కడో ఏదో ఒకటి కాస్త సాగాలి, లేదా నలగాలి. డబ్బాలో ఆ పని రబ్బరు చుట్టుది. బూటులో ప్లాస్టిక్ పెంకుదీ లోపలి మెత్తదీ. అన్నీ రాయిలాగా ఉంటే మీట గట్టు ఎక్కదు. బలవంతం చేస్తే తీగ తెగుతుంది. రబ్బరు పాతబడి చచ్చిపోతే మీట తేలిగ్గా పడుతుంది గాని పట్టు ఉండదు. డబ్బా కారుతున్నదంటే చాలాసార్లు తప్పు మీటది కాదు, రబ్బరుది.

బలాన్ని గౌరవించాలి

బిగిసిన పట్టీలో మీ చేతి బలమంతా దాగి ఉంటుంది. మీట తెరిచిన క్షణాన అది బయటికి వస్తుంది. అన్నం డబ్బా అయితే ఫరవాలేదు. పెద్ద లారీల మీద యంత్రాలను గొలుసులతో కట్టి మీటతో బిగించేటప్పుడు సంగతి వేరు. కొందరు మీట కొసకు గొట్టం తొడిగి ఇంకా బిగిస్తారు. విప్పేటప్పుడు అదే మీట విసురుగా లేచి వచ్చి దవడలు, ముంజేతులు విరగ్గొట్టిన సంఘటనలు ఉన్నాయి. అందుకే చాలాచోట్ల ఇప్పుడు పళ్లచక్రం ఉన్న బకిల్ వాడుతున్నారు. పిడిని ముందుకూ వెనక్కూ ఊపితే చక్రం ఒక్కొక్క పన్నే తిరిగి పట్టీని చుట్టుకుంటుంది. వెనక్కు తిరగకుండా ఒక చిన్న నాలుక అడ్డుపడుతుంది. అటువంటి పట్టీలకు యూరపులో ఒక నియమం ఉన్నది. చేత్తో సుమారు 50 కిలోల బరువంత బలంతో పిడిని లాగితే ఎంత బిగువు వస్తుందో పట్టీకి కుట్టిన చీటీ మీద రాసి తీరాలి.

ఏ మీటనైనా తెరిచేటప్పుడు మొహం దాని దారిలో ఉంచకూడదు. మీట తిరిగే వైపు ఎవరూ నిలబడకూడదు. మీటకు గొట్టం తొడిగి పొడుగు చేయకూడదు. ఈ మూడూ గుర్తుంచుకోండి.

మీరే చేసి చూడండి

ఒక చెక్కపలక, స్కేలంత సన్నని కొయ్యపట్టీ, రబ్బరు బ్యాండు తీసుకోండి. మేకులు కొట్టే పనిని నాన్నగారినో అన్నయ్యనో చేసి పెట్టమనండి. కొయ్యపట్టీ ఒక కొసను పొట్టి మేకుతో, పట్టీ సులువుగా తిరిగేటట్లు, పలకకు కొట్టాలి. ఇది ఇరుసు, దీని తల పట్టీకి అంటిపెట్టుకుని ఉండాలి. ఇరుసుకు 2 సెంటీమీటర్ల దూరాన కొయ్యపట్టీ మీద పొడుగాటి మేకు నిలబెట్టండి. ఇది కీలు. ఇరుసుకు 12 సెంటీమీటర్ల దూరాన పలక మీద మరొక పొడుగాటి మేకు కొట్టండి. ఇది కొక్కెం. కొయ్యపట్టీని కొక్కెం వైపు తిప్పి, కీలుకూ కొక్కేనికీ రబ్బరు బ్యాండు తగిలించండి. బ్యాండు ఇరుసు తలకు తగలకుండా పై ఎత్తున ఉండాలి.

ఇప్పుడు కొయ్యపట్టీ కొసను పట్టుకుని మెల్లగా అవతలి వైపుకు తిప్పండి. రబ్బరు సాగుతుంది, చేతికి ఎదురు తిరుగుతుంది. మూడు మేకులూ ఒక వరసలోకి రాగానే ఆ ఎదురు మాయమవుతుంది. ఒక్క రవ్వ దాటించండి. పట్టీ మీ చేతిలోంచి తప్పించుకుని ముందుకు ఉరుకుతుంది. దాన్ని అక్కడే ఆపడానికి, వరస దాటిన వెంటనే, ఒక అడ్డుమేకు కొట్టించండి. మీట బకిల్ సిద్ధం! అడ్డుమేకును కొంచెం ఇవతలికి, కొంచెం అవతలికి మార్చి చూడండి. వరస దాటకముందే ఆపితే మీట నిలవదు. మరీ దూరం పోనిస్తే రబ్బరు వదులవుతుంది.

ఇక ఇంట్లో వెతకండి. పాత సీసా మూత, హార్మోనియం పెట్టె గొళ్లెం, గోధుమపిండి డబ్బా క్లిప్పు, ఏది దొరికితే అది. ప్రతిదానిలోనూ ఇరుసు ఏది, కీలు ఏది, కొక్కెం ఏది? మీట ఎక్కడ గట్టు దాటుతున్నది? అసలు దాటుతున్నదా, లేక ఊరికే పట్టుకుని ఉన్నదా? వేలితో నెమ్మదిగా లేపి చూస్తే ఆ సంగతి మీ వేలికే తెలుస్తుంది.